సాలూరులో సింహాచలం ఇంటి తారు బాట

రోడ్ల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి కూర్చుంటారు. మీరు వేసిన పెద్ద రోడ్డు ఏది, ఏ వంతెన మీ హయాంలో లేచింది అని అడుగుతారు. నేను చెప్పబోయే పని వాటిలో ఏదీ కాదు. రిటైరయ్యాక సాలూరులో ఒక ఇంటి గేటు నుంచి వరండా దాకా వేయించిన తారు బాట. మెయిన్ రోడ్డు మీద పోయేవాళ్ళకి అది కనబడనైనా కనబడదు. అయినా ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ కాస్త జాగాలోనే అక్కరకొచ్చింది కాబట్టి దాని గురించే రాస్తున్నాను. ఎస్టిమేటు వెయ్యడం మాకు కాలేజీలోనే చెప్పారు, ఈ ముసలాయన కొత్తగా చెప్పేదేముంది అనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు. నాకేం కోపం రాదు. కొంచెం వస్తుంది.

సింహాచలం మొదట లారీ క్లీనరు, తర్వాత డ్రైవరు, ఆ తర్వాత ఓనరు. మా పనులకి క్వారీ నుంచి కంకర తోలిన రోజుల నుంచీ నాకు పరిచయం. పొద్దున్న తూకం దగ్గర నాతో గొడవపడేవాడు. సాయంత్రం నా స్కూటరు పంచరైతే దాన్ని లారీలోకి ఎత్తించి, నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దింపేవాడు. పెద్ద తుపాను విశాఖను ఊపేయడానికి ముందటేడు, రాయగడలో లోడు మీదికెక్కి టార్పాలిన్ తాడు బిగిస్తూ జారి కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుం కిందికి స్పర్శ పోయింది. నేను చూడటానికి వెళ్ళి, ఏం మాట్లాడాలో తెలియక లారీ మైలేజీ గురించి మాట్లాడి వచ్చేశాను.

తుపాను మరుసటి ఏడాది ఎండలు ముదురుతున్నప్పుడు అతని భార్య ఫోన్ చేసింది.

"బాబుగారూ, నాను పైడమ్మని. సింహాచలం ఇంటిదాన్ని. గేటుకాడి నుంచి తారు ఏయించాలని ఒకటే గోల సేస్తన్నాడు. ఎంతవుతాదో ఏటో, మీరొకపాలి వచ్చి సూసి సెప్తారేటి?"

వెళ్ళాను. వరండాలో చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. భుజాలు మాత్రం పాత సింహాచలానివే, స్టీరింగ్ తిప్పి తిప్పి గట్టిపడినవి. పలకరింపులు కాకముందే పనిలోకి దిగాడు.

"నా బండి లోపలికి రావాలి ఇంజినీరుగారూ. సరిగ్గా ఈ వరండా ముందుకి. ఇప్పుడు డ్రైవరు తోల్తన్నాడు. వారానికోపాలి ఆ రోడ్డు మీద ఆపి హారన్ కొట్టి ఎల్లిపోతన్నాడు. నాను బయటికి ఎల్లలేను. అదైనా నా కాడికి రావాలి కదా!"

పైడమ్మ మంచినీళ్ళిచ్చి, నన్ను గేటు దాకా సాగనంపే నెపంతో బయటికి తీసుకొచ్చి తన మాట చెప్పింది.

"లారీ వస్తాది బాబూ, నిలబడతాది, ఎల్లిపోతాది. ఈ మడిసి మాత్రం ఆ వరండాలోనే ఉంటాడు. పడిపోయిన కాడినుంచి ఆస్పత్రికి తప్ప గడప దాటనేదు. ఆ కుర్సీ రోడ్డు దాకా ఎల్లేలా ఎయ్యండి. నాను తోసుకెల్తాను."

ఖర్చుకి ఇంతకు మించి లేదని ఒక మొత్తం కూడా చెప్పింది. ఆ మొత్తానికి ఒక్క బాటే వస్తుంది. లారీ కోసం వెయ్యాలా, కుర్చీ కోసం వెయ్యాలా అన్నది తేలకుండా నేను టేపు పట్టి లాభం లేదు.

వానలో చూసి రండి

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై ఇంజనీరు, డీఈ గారు ఒకరు ఉండేవారు. కోపిష్టి. ఎస్టిమేటు బల్ల మీద పెడితే అంకెలు చూసేవారు కాదు. "వానలో చూశావా?" అని అడిగేవారు. లేదని చెబితే కాగితాలు వెనక్కి తోసేసి, వాన వచ్చాక రమ్మనేవారు. గజపతినగరం దగ్గర ఒక చిన్న రోడ్డుకి నన్ను గొడుగుతో పంపించి, తను గొడుగు లేకుండా వెనకాలే వచ్చారు. నీళ్ళు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో చేత్తో చూపిస్తూ నడిచారు. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. ఆ పూట ఆయన్ని తిట్టుకున్నంతగా ఎవర్నీ తిట్టుకోలేదు, ఆ తర్వాత ఆయన్ని తలుచుకున్నంతగా ఎవర్నీ తలుచుకోలేదు.

తారుకి శత్రువు లారీ కాదు, నీరు. ఇంటి బాటకి లెక్క వేసేటప్పుడు అందరూ పొడుగు, వెడల్పు, మందం కొలుస్తారు. నీటికి దారి ఎక్కడని అడిగేవాళ్ళు తక్కువ. సింహాచలం ఇంటికి అదే మొదటి చిక్కు. ఒకప్పుడు అతని వరండా రోడ్డుకన్నా ఎత్తులో ఉండేదట. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు, దాని మీద మరొకటి వేసుకుంటూ పోయేసరికి రోడ్డు పైకి లేచి ఇల్లు గోతిలో పడింది. మా వృత్తిలో ఇదొక పాడు అలవాటు. గీకి తీసి వెయ్యాలంటే బద్ధకం, పైన పరిచేయడం తేలిక. వేసినవాళ్ళు వేసి వెళ్ళిపోతారు, వానాకాలం చీపురు పట్టుకుని నీళ్ళు తోసుకునేది మాత్రం పైడమ్మ లాంటివాళ్ళు.

గేటు దగ్గర ఆ ఎత్తు సర్దడానికి ఎవరో ఎర్ర గ్రావెల్ పోసి వదిలేశారు. నిటారుగా ఉంది. నడిచేవాడికి రెండడుగులు, చక్రాల కుర్చీకి కొండ.

తారు వద్దు, సిమెంటు వేయించుకోమని చెప్పి చూశాను. ఇంత చిన్న జాగాకి తారు అడిగితే ప్లాంటువాడు నవ్వుతాడన్నాను. అది నిజం కూడా. ప్లాంటులో కలిపిన వేడి తారు, హాట్ మిక్స్, టిప్పర్ లెక్కన వస్తుంది, చిన్న బాటకి సగం కూడా పట్టదు, మిగిలింది చల్లారిపోతుంది. ఇంటికి చిన్న బాట వేయించుకునేవాళ్ళకి మామూలుగా నేను సిమెంటే చెబుతాను.

"సిమెంటైతే మేస్త్రీ జారకుండా గీతలు కొడతాడు," అన్నాడు సింహాచలం. "ఆస్పత్రికాడ ఆ గీతల మీద కుర్సీ తోస్తే ఎన్నుపూసలో సుత్తితో కొట్టినట్టు ఉన్నాది. నాను తారు మీద బతికినోడిని బాబూ. నాకు తారే ఎయ్యండి."

సరేనన్నాను. ఎదురింటాయనా, పక్కన హోటలాయనా తమ గుమ్మాల ముందు కూడా వేయించుకుంటామని ముందుకొచ్చారు కాబట్టి టిప్పర్ లోడు ముగ్గురికీ సరిపోయేలా కుదిరింది. కుర్రాళ్ళకి ఒక మాట. అలా కుదరకపోతే, పక్కనే సర్కారు రోడ్డు పని జరుగుతోంది, మిగులు తారు నాలుగు తట్టలు వేయించుకుందాం అని ఇంటివాళ్ళు అడుగుతారు. మనకి తెలిసినవాళ్ళే అడుగుతారు. ఆ మిగులు రోడ్డుది. ఇంకెక్కడో రోడ్డు పలచబడితేనే అది మన గుమ్మంలోకి వస్తుంది. మొహమాటపడకుండా వద్దనండి.

రాట దిగిన తారు

పైన నలుపు చూసుకుని, ఆ నేల మీద ఇంట్లో ఏం జరగబోతోందో మరిచిపోయేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నరసన్నపేటలో ఒక బియ్యం వ్యాపారి ఇంట్లో పెళ్ళి పెట్టుకుని, ఇంటి ముందంతా తారు పరిపించాడు. నిగనిగలాడుతూ చాలా బాగుంది. పెళ్ళికి నాలుగు రోజుల ముందు పందిరి వాళ్ళు వచ్చి, పెళ్ళి రాట వెయ్యాలి కదా, గునపాలు తీసుకుని ఆ కొత్త తారులోనే గోతులు తవ్వేశారు. ముహూర్తానికి రాట దిగాల్సిందే, తారుదేముంది! పెళ్ళి ఘనంగా అయింది. పందిరి పీకేశాక ఆ గోతుల్లో మట్టి కూరారు. వానాకాలంలో నీళ్ళు అక్కడినుంచే దిగి, తారు పెచ్చులు పెచ్చులుగా లేచింది. నన్ను పిలిచి చూపించి, "తారు కల్తీదండి" అన్నాడు. తారుది తప్పు లేదని చెబితే నమ్మలేదు.

అప్పటినుంచి ఎవరింటికి వెళ్ళినా ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లలున్నారా అని అడిగేవాణ్ణి. సంబంధాలు చూసే బేరగాణ్ణేమో అనుకుని కాఫీలు ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఉన్నారంటే, పందిరి గుంజలు దిగే చోట ముందే ఇనప గొట్టం ముక్కలు పాతించి మూత పెట్టించేవాణ్ణి. అలాగే గుమ్మం ముందు ఇల్లాలు రోజూ కళ్ళాపి చల్లే మేర తారు పోయించేవాణ్ణి కాదు. అక్కడ రాతి పలకలు పరిపిస్తే నీళ్ళకీ ముగ్గుకీ బాధ ఉండదు. ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. ఇంటివాళ్ళు ఎలా బతుకుతారో కాసేపు కూర్చుని కనుక్కోవాలి, అంతే.

పైడమ్మని కళ్ళాపి గురించి అడిగితే చాలాసేపటికి గాని నవ్వు ఆపుకోలేకపోయింది. "ఒలమ్మా, ఇంజినీర్లు కళ్ళాపి కూడా కొలుస్తారేటి!" అంది. ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది.

రెండు ముగ్గులు

మా ప్రాంతంలో ఇల్లు కట్టే ముందు పునాది గీతల మీద సున్నం పొడి పోస్తారు. దాన్ని ముగ్గు పోయడమనే అంటాం. కాగితం మీద గీసిన గీత ఇంటివాళ్ళకి అర్థం కాదు. నేల మీద తెల్లగా కనిపిస్తే అందులో తిరిగి చూసుకుంటారు. నేను రోడ్డు పనికైనా, ఇంటి పనికైనా ముందు ముగ్గు పోయించి, ఇంటివాళ్ళని అందులో నడిపించేవాణ్ణి. ఆ తర్వాతే ఖర్చు మాట.

సింహాచలం ఇంట్లో రెండు పోయించాను. ఒకటి లారీకి, గేటు నుంచి తిన్నగా, వెడల్పుగా. రెండోది కుర్చీకి, సన్నగా, ప్రహరీ వెంట వెళ్ళి మలుపు తిరిగి వరండాకి చేరేలా. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడుగైనా ఉంటే గాని కుర్చీ సులువుగా కదలదు. అందుకని ఆ మలుపు. సింహాచలం రెండోదాని వంక చూడనైనా లేదు.

"ఈ పెద్దదానిలోనే కుర్సీ కూడా ఎల్తాది కదా," అన్నాడు. "పైడి తోసేస్తాది. దానికి బలమున్నాది."

"అయితే ఒకసారి తోయించి చూడు," అన్నాను. కొంచెం విసుగ్గానే అన్నాను.

పైడమ్మ కొంగు బిగించి తోసింది. చదునున్నంత వరకు బాగానే వెళ్ళింది. గేటు దగ్గర ఎత్తు మొదలయ్యేసరికి కుర్చీ ఆగింది. ఆమె వంగి, ఛాతీ ఆనించి తోసింది. ఎర్ర గ్రావెల్‌లో ఆమె కాళ్ళు జారాయి. కుర్చీ వెనక్కి దొర్లి ఆమె మీదికి వచ్చింది. నేను పరిగెత్తి ఒక పక్క పట్టుకునే లోపు ఆమె తన ఒంటితోనే దాన్ని ఆపింది. నుదురు కుర్చీ వీపుకి ఆన్చి, పళ్ళు బిగించి నిలబడింది.

సింహాచలం మెడ తిప్పి చూడాలని అటూ ఇటూ ప్రయత్నించాడు. కుర్చీ వెనక ఉన్న మనిషి అతనికి కనిపించదు. ఆమె రొప్పు ఒక్కటే వినిపిస్తోంది.

"పైడీ! దెబ్బ తగిలిందేటి?"

"నేదు."

"నా ఎదరకి రా. సూడనీ."

నేను కుర్చీని చదునులోకి దించి పట్టుకున్నాను. ఆమె ముందుకి వచ్చింది. కాలి బొటనవేలు చిట్లి రక్తం కారుతోంది. సింహాచలం ఆ కాలి వంక చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఆమె ముఖం చూశాడు. లోడు మీద నుంచి పడినప్పుడు కూడా ఏడవలేదని అందరూ చెప్పుకునేవారు. నా ఎదుట, గేటు బయట జనం పోతుండగా ఏడ్చాడు.

"ఇన్నాళ్ళూ ఎనకాల ఇది ఇలగే అవస్త పడతన్నాదేటి బాబూ? నాకేటి తెల్దు. నాను ముందుకి సూసుకుని కూకుంటన్నాను."

పైడమ్మ కంగారుపడిపోయింది. "ఊరుకో, ఏటైపోనాది ఇప్పుడు? ఏలు సిట్లింది, అంతే కదా. బేగి మానిపోతాది," అంటూ కొంగుతో అతని ముఖం తుడిచింది. నేను స్కూటరు దగ్గరికెళ్ళి ఏదో వెతుక్కుంటున్నట్టు నిలబడ్డాను. అలాంటప్పుడు ఇంజనీరు చెయ్యగల పని అదొక్కటే.

సింహాచలం పిలిచేసరికి వెనక్కి వచ్చాను.

"లారీ ముగ్గు సెరిపించేయండి. బండి రోడ్డు మీదే ఆగనీ. నానే ఎల్తాను దాని కాడికి."

పక్కన నడవడానికి

చిక్కు తీరిందనుకుని సన్న బాటకి లెక్క వెయ్యబోయాను. కుర్చీ పట్టేంత వెడల్పు పెట్టాను. సింహాచలం ఒప్పుకోలేదు. ఇంకో రెండున్నర అడుగులు కలపమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పొడుగు పెరిగింది, మలుపు పెరిగింది, పైడమ్మ చెప్పిన మొత్తం మాత్రం పెరగదు. మళ్ళీ లారీ ధ్యాస పట్టుకుందేమో అనుకుని ఆ మాటే అన్నాను.

"లారీకి కాదు," అన్నాడు. "పైడి నా పక్కన నడవడానికి. ఇక మీద అది ఎనకాల ఉండకూడదు. సక్రాలు నాను తిప్పుకుంటాను, సేతులున్నాయి కదా. నా సేతులు లాగగలిగినంత వాలే పెట్టండి. ఎనకుంటే దాని మొకం నాకెలా కనిపిస్తాది బాబూ? మాటాడితే గోడతో మాటాడినట్టుంటాది."

పైడమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నేను పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాను. నాకు పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. బజారుకి వెళ్ళినప్పుడు నా భార్య పక్కన నడుస్తోందా, వెనక వస్తోందా అని ఒక్కనాడూ చూసుకోలేదు.

ఆ రెండున్నర అడుగులు ఎక్కడినుంచి తెచ్చానో కుర్రాళ్ళకి చెబుతాను, పనికొస్తుంది. లారీ తిరగదని తేలాక కింద కంకర అంత మందం అక్కర్లేదు. లోడు బండి మోయడానికి పెట్టిన పెద్ద కంకర వరస పూర్తిగా తీసేశాను. గ్రావెల్, దాని మీద చిన్న కంకర, ఆ పైన తారు చాలు. మందంలో తగ్గిన ఖర్చు వెడల్పులోకి వెళ్ళింది. అంచుకి ఖరీదైన రాయి కాకుండా మామూలు ఇటుక నిలబెట్టించాను. నీటి విషయంలో మాత్రం పైసా తగ్గించలేదు. గేటు దగ్గర అడ్డంగా చిన్న కాలువ, దాని మీద ఇనప జాలీ. జాలీ ఊచలు చక్రం వెళ్ళే వైపుకి అడ్డంగా ఉండాలని వెల్డింగ్ అతనికి రెండుసార్లు చెప్పాను. నిలువుగా ఉంటే కుర్చీ ముందుండే చిన్న చక్రాలు సందుల్లో దిగిపోతాయి. మలుపు దగ్గర చదును జాగా ఒకటి వదిలాను, చేతులు నొప్పెడితే ఆగడానికి. వరండా ముందు పైడమ్మ కళ్ళాపికి రాతి పలకలు.

ఎవరైనా ఇంటికి బాట వేయించుకుంటామని వస్తే, మీ దగ్గర ఎంత డబ్బుందని మొదట అడక్కండి. ఆ బాట మీద ఎవరు నడుస్తారని అడగండి. వాళ్ళు రేపు కారు కొంటామంటారు, ఎల్లుండి అల్లుడు పెద్ద బండి తెస్తాడంటారు. వినండి, కాదనకండి. ముగ్గు పోసి అందులో నడిపించండి.

తారు పోసిన రోజు

టిప్పర్ పొద్దున్నే వచ్చింది. పెద్ద రోలర్ లోపలికి పట్టదు కాబట్టి చేత్తో నడిపే చిన్నది తెప్పించాం. పొగలు లేస్తున్న తారుని ఇనప దంతెలతో సర్దుతుంటే సింహాచలం వరండా అంచుకి వచ్చి కూర్చుని, అన్నం కూడా తినకుండా చూశాడు. ఆ వాసనకి ఆయాసం వస్తుంది, లోపలికెళ్ళమంటే, "ఇదే నా గాలి బాబూ, ఒగ్గేయండి," అన్నాడు. వాలు ఎక్కడైనా తేడా వస్తే నాకన్నా ముందు అతనే కేకేస్తున్నాడు. పనివాళ్ళు విసుక్కున్నారు. నేను విసుక్కోలేదు.

మర్నాడు తారు పూర్తిగా గట్టిపడ్డాక చూడ్డానికి వెళ్ళాను. డ్రైవరు లారీ తెచ్చి గేటు ఎదురుగా రోడ్డు పక్కన ఆపాడు. సింహాచలం కొత్త చొక్కా తొడుక్కుని, చేతులకి పాత గుడ్డలు చుట్టుకుని బయల్దేరాడు. పైడమ్మ అలవాటు చొప్పున వెనక్కి వెళ్ళింది.

"ఎనక్కి కాదు," అన్నాడు.

ఆమె పక్కకి వచ్చింది. తారు వేడికి చెప్పులేసుకుంది. ఎక్కడైనా ఆగిపోతాడేమోనని ఒక చెయ్యి కుర్చీకి దగ్గరగా ఉంచుకుంది గాని ముట్టుకోలేదు. మలుపు దగ్గర చదునులో అతను ఆగాడు. చెమటలు కక్కుతున్నాడు. వద్దనుకుంటూనే నేను ముందుకి రెండడుగులు వేశాను, మళ్ళీ ఆగిపోయాను. అతను ఊపిరి పీల్చుకుని, గుడ్డలు బిగించుకుని, మిగిలిన ఎత్తు ఎక్కాడు. చిన్న చక్రాలు జాలీ మీద చప్పుడు చేస్తూ దాటాయి.

రోడ్డు మీదికి వెళ్ళాక లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. టైర్లు నొక్కి చూశాడు. గాలి తక్కువుందని డ్రైవర్ని తిట్టాడు. బంపరు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉన్నాడు. డ్రైవరు, "ఎక్కించమంటారేటి మావా?" అని అడిగితే వద్దన్నాడు. టీ కొట్టు దగ్గర్నుంచి నలుగురు పాత డ్రైవర్లు వచ్చి చుట్టూ మూగారు. వాళ్ళతో బేరాలు, డీజిలు ధరలు మాట్లాడాడు. ఎవరో అన్నదానికి గట్టిగా నవ్వాడు. పైడమ్మ అతని పక్కన నిలబడి వింది.

లారీ కదిలి మలుపు తిరిగేదాకా చూసి, కుర్చీ వెనక్కి తిప్పుకున్నాడు.

"పదే పైడీ," అన్నాడు. "ఇంటికి ఎల్దాం."

అంత మామూలు మాటకి పైడమ్మ నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వరండా దాటని మనిషి ఆ మాట అని ఎన్నాళ్ళయిందో ఆమెకి తెలుసు. నోట్లో కొంగు కుక్కుకుని తల ఊపింది. ఇద్దరూ పక్కపక్కనే దిగువకి వెళ్ళారు, ఏదో మాట్లాడుకుంటూ.